ఆ లైను రాసింది నేనే, ఇప్పుడు ఆడిట్ వస్తోంది

ఒంగోలు నుంచి వచ్చి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాను. పేరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆమె ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. డయాగ్నస్టిక్ ల్యాబుల నుంచి రక్తపరీక్షల రిపోర్టులు తెచ్చి ఆసుపత్రిలో డాక్టర్ల స్క్రీన్ మీద చూపించే సాఫ్ట్‌వేర్ వాళ్లది. పైథాన్ కోడు పది నిమిషాలకోసారి ఒక్కో ల్యాబ్ సర్వర్‌కి రిక్వెస్ట్ పంపి కొత్త రిపోర్టులు తెస్తుంది. ఆమె చేరిన మూడో నెలలో విజయవాడ ల్యాబ్ ఒకటి కొత్తగా కలిసింది. కోడు నడిపితే ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’ అని ఎర్రర్, అంటే ఆ సర్వర్ చూపించిన గుర్తింపు పత్రం తనిఖీలో నిలవలేదని. అదే అడ్రస్ బ్రౌజర్‌లో కొడితే ఏ వార్నింగూ లేకుండా తెరుచుకుంటోంది. మర్నాడే గో-లైవ్. టీమ్ లీడ్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, “వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్ పెట్టెయ్, తర్వాత చూద్దాం” అన్నారు, అంటే ఆ తనిఖీనే ఆపేయమని. పెట్టింది. పైన ‘టెంపరరీ, తర్వాత తీసేయాలి’ అని కామెంట్ కూడా రాసింది.

ఆ తర్వాత టెస్ట్ సర్వర్ దగ్గర అదే ఎర్రర్, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అదే ఎర్రర్. ప్రతిచోటా అదే మందు. ఇప్పుడు 11 చోట్ల ఉంది. టెర్మినల్ నిండా వార్నింగులు వస్తుంటే వాటిని ఆపేసే లైను కూడా పెట్టారు. మూడు వారాల్లో సెక్యూరిటీ ఆడిట్ ఉంది.

“ఏ లైను ఎవరు రాశారో చూపించే గిట్ బ్లేమ్ కొడితే 11 చోట్లా నా పేరే వస్తోంది మేడమ్. మా లీడ్‌ని అందరం అన్నా అనే పిలుస్తాం, మంచివారే. కానీ ఈ మాట ఎత్తితే ‘రన్ అవుతున్నదాన్ని కెలకొద్దు’ అన్నారు. ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని ఒకచోట ఫాల్స్ తీసేసి చూశాను. ఎర్రర్ రాలేదు! అంటే సమస్య దానంతట అదే పోయిందా? ఇన్నాళ్లలో పేషెంట్ల డేటా ఎవరైనా చూసి ఉంటారా? నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు, ఇంటి లోన్ నా జీతం మీదే నడుస్తోంది. ఉద్యోగం పోతుందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.”

జవాబు:

మీ ఆఖరి భయం దగ్గరే మొదలుపెడతాను. మీ కంపెనీ ఏం చేస్తుందో నేను హామీ ఇవ్వలేను. కానీ ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఆడిట్ రిపోర్టులు చాలానే చూశాను. మూడు నెలల ఫ్రెషర్ తన లీడ్ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన లైను టైప్ చేసిందని ఎవరినైనా ఇంటికి పంపడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. విషయం తెలిశాక కూడా దాచినవాళ్లకు మాత్రం గట్టిగానే తగిలింది. మీరు ఇంకా దాచలేదు. మూడు వారాల టైముంది, అది తక్కువేమీ కాదు.

ముందు ఆ లైను ఏం చేస్తోందో సరిగ్గా చూద్దాం. హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా, డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తోంది కదా అని మీ లీడ్ అని ఉంటారు. ఎన్‌క్రిప్ట్ అవుతున్న మాట నిజమే. ఎవరి కోసం అవుతోంది అన్నదే ప్రశ్న. ఇనప్పెట్టెలో నగలు పెట్టి, తాళం వేసి, తలుపు తట్టినవాడి చేతికే తాళంచెవి ఇస్తే ఎంత భద్రమో ఇదీ అంతే. సర్టిఫికెట్ చూసేటప్పుడు మీ కోడు మూడు సంగతులు అడుగుతుంది: దీని మీద సంతకం చేసింది నేను నమ్మే సంస్థేనా, ఇందులో ఉన్న పేరు నేను పిలిచిన పేరేనా, గడువు దాటిపోలేదు కదా. ఫాల్స్ అని పెట్టిన క్షణం ఈ మూడూ పోతాయి. విజయవాడ ల్యాబ్ పేరు చెప్పుకుని దారిలో ఎవరు నిలబడినా మీ కోడు వాళ్లకు ఏపీఐ కీ (ల్యాబ్ సర్వర్‌కి చూపించే పాస్‌వర్డ్ లాంటిది) ఇచ్చి, వాళ్లిచ్చిన రిపోర్టు తీసుకుంటుంది.

రిపోర్టు తీసుకుంటుంది అన్నది మళ్లీ ఒకసారి చదవండి. మీరు డేటా ఎవరైనా చూస్తారేమో అనే టెన్షన్ పడుతున్నారు. చూడగలిగినవాడు మార్చగలడు కూడా. ఒక పేషెంట్‌కి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1 ఉంటే దారిలో అది 4.1 అయి డాక్టర్ స్క్రీన్ మీద పడొచ్చు. ఆ అంకె చూసి మందు రాసే డాక్టర్‌కి మీ కోడులో ఏ లైను ఉందో తెలియదు. మీ లీడ్‌తో మాట్లాడేటప్పుడు ఆడిట్ కంటే ముందు ఈ మాట చెప్పండి. మంచివారని మీరే రాశారు, దీనికి కదులుతారు.

ఇక ఎర్రర్. మీరు 11 చోట్లా ఒకటే ఎర్రర్ అనుకుంటున్నారు. మీరు ఉత్తరంలో అతికించిన మెసేజీలు చూస్తే అవి మూడు వేర్వేరు జబ్బులు. ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’ దగ్గరే చదవడం ఆపేస్తున్నారు, అది జ్వరం అన్నట్టు మాత్రమే. ఆ తర్వాత వచ్చే ముక్కలో అసలు కారణం ఉంటుంది.

విజయవాడ ల్యాబ్‌ది ‘అనేబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్’. అంటే, సర్టిఫికెట్ మీద సంతకం చేసిందెవరో చూద్దామంటే ఆ కాగితం దొరకలేదని. ల్యాబ్ సర్టిఫికెట్ మీద నేరుగా రూట్ సంస్థ (కంప్యూటర్లు ముందే నమ్మే, అన్నిటికంటే పైనున్న సంస్థ) సంతకం చేయదు. మధ్యలో ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ ఒకటి ఉంటుంది. సర్వర్ తన సర్టిఫికెట్‌తో పాటు దాన్నీ పంపాలి. వాళ్ల సర్వర్ పెట్టినవారు తమది ఒక్కటే పెట్టి ఊరుకున్నట్టున్నారు. మరి బ్రౌజర్‌లో ఎలా తెరుచుకుంటోంది? క్రోమ్ ఆ సర్టిఫికెట్ లోపల రాసి ఉన్న అడ్రస్‌కి వెళ్లి ఇంటర్మీడియట్‌ని తనే తెచ్చుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ అలాంటివి ముందే దగ్గర పెట్టుకుంటుంది. పైథాన్ అలా వెతుక్కోదు. ‘బ్రౌజర్‌లో వస్తోంది, కోడులో రావట్లేదు’ అని ఎవరన్నా నేను ముందు అనుమానించేది దీన్నే.

రూఢి చేసుకోవడం ఒక్క కమాండ్ పని. సర్టిఫికెట్లు చూడటానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టూల్‌లో ఎస్-క్లయింట్ (s_client) అనే కమాండ్ ఉంటుంది. దానికి ల్యాబ్ అడ్రస్, 443 పోర్టు ఇచ్చి, షో-సర్ట్స్ ఆప్షన్ పెట్టి నడపండి. ‘సర్టిఫికెట్ చెయిన్’ అన్న హెడ్డింగ్ కింద 0 నంబరు ఒక్కటే ఉండి 1 లేకపోతే ఇంటర్మీడియట్ రావడం లేదన్నమాట. చివర్లో ‘వెరిఫై రిటర్న్ కోడ్: 21’ అని కూడా కనిపిస్తుంది. ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి, పనికొస్తుంది. గడువు అయిపోతే అక్కడ 10 వస్తుంది, సెల్ఫ్ సైన్డ్ (తన మీద తానే సంతకం చేసుకున్నది) అయితే 18, చెయిన్‌లో పైన ఉన్నది మీ మిషన్ నమ్మని రూట్ అయితే 19. ఈ నాలుగు నంబర్లు గుర్తుంటే చాలావరకు సరిపోతుంది.

దీనికి అసలు మందు మీ దగ్గర లేదు, ల్యాబ్ వాళ్ల దగ్గర ఉంది. వాళ్లు కదిలేదాకా ఏం చేయాలంటే, ఆ ఇంటర్మీడియట్‌ని జారీ చేసిన సంస్థ సొంత సైటు నుంచి దింపుకుని, పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడే సర్టిఫై (certifi) ప్యాకేజీలోని నమ్మదగిన రూట్ల ఫైలును కాపీ చేసి, దాని చివర దీన్ని అతికించి, ఆ ఫైలు దారిని (పాత్) వెరిఫైకి ఇవ్వండి. ఫాల్స్ ఉన్నచోట ఫైలు పేరు వస్తుంది, తనిఖీ పూర్తిగా జరుగుతుంది. ఎవరో ఒకరు మీకు ఇంకో దారి చెబుతారు: ల్యాబ్ సర్టిఫికెట్‌నే దింపి దాన్నొక్కదాన్నే నమ్మమని. దానికి నేను ఒప్పుకోను. పబ్లిక్ సర్టిఫికెట్ల గడువు తగ్గుతూ వస్తోంది. 398 రోజులు ఉన్నది 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100 రోజులు, 2029 మార్చి నుంచి 47 రోజులని సర్టిఫికెట్ సంస్థలూ బ్రౌజర్ కంపెనీలూ కలిసి నిర్ణయించుకున్నాయి. ల్యాబ్ సర్టిఫికెట్ మారిన ప్రతిసారీ మీ కోడు ఆగిపోతుంది. అప్పుడు ఎవరో అర్ధరాత్రి మళ్లీ ఫాల్స్ పెడతారు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వచ్చేది ‘సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ ఇన్ సర్టిఫికెట్ చెయిన్’. ఇంటి వైఫైలో వీపీఎన్ లేకుండా నడిపితే రావట్లేదని మీరే రాశారు, అక్కడే సమాధానం ఉంది. మీ కంపెనీ ప్రాక్సీ, అంటే ఇంటర్నెట్‌కి వెళ్లే దారిలో పెట్టిన సర్వర్, ఉద్యోగుల ట్రాఫిక్‌ని విప్పి చూసి, తన సొంత సర్టిఫికెట్ పెట్టి మళ్లీ మూసి పంపుతోంది. చాలా ఆఫీసుల్లో ఇది మామూలే. విండోస్‌లో ఆ కంపెనీ రూట్‌ని ఐటీ వాళ్లు ముందే ఎక్కించి ఉంటారు, అందుకే బ్రౌజర్‌కి ఇబ్బంది లేదు. పైథాన్ రిక్వెస్ట్స్ మాత్రం విండోస్ లిస్టు చూడదు, సర్టిఫైని చూస్తుంది. ఐటీ టీమ్‌ని అడిగి ఆ రూట్ ఫైలు తీసుకుని, రిక్వెస్ట్స్-సీఏ-బండిల్ (REQUESTS_CA_BUNDLE) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే కోడు బయట మిషన్‌లో పెట్టే సెట్టింగ్‌లో, దారి ఇవ్వండి. ఒక్క జాగ్రత్త. ఇది ఉన్న లిస్టుకు కలపదు, ఉన్నదాన్ని తీసేసి ఇది పెడుతుంది. కాబట్టి సర్టిఫై రూట్లూ కంపెనీ రూటూ కలిపిన ఒకే ఫైలు ఉండాలి. లేదా పైథాన్ 3.10 ఆ పైన ఉంటే ట్రస్ట్‌స్టోర్ అనే ప్యాకేజీ వేసుకోండి, అది నేరుగా విండోస్ లిస్టునే వాడుతుంది. ఈ సెట్టింగ్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి. కోడులోకీ ప్రొడక్షన్‌లోకీ పోకూడదు.

టెస్ట్ సర్వర్ సంగతి చిన్నది. ఎవరో సొంతంగా చేసుకున్న సర్టిఫికెట్ అది, పైగా మీరు ఐపీ అడ్రస్‌తో పిలుస్తున్నారు. దానికి ఒక పేరు పెట్టించి, ఆ పేరుతో సర్టిఫికెట్ చేయించి, ఆ ఫైలును టెస్ట్ కాన్ఫిగ్‌లో ఇస్తే అయిపోతుంది. ఒక పూట పని.

మీ ఆదివారం ప్రయోగం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. సమస్య పోలేదండీ. మీరు పంపిన ఆ పదిహేను లైన్లలో ఒకే సెషన్ ఉంది, అంటే ఒకసారి తెరిచిన కనెక్షన్‌నే తర్వాతి రిక్వెస్టులకూ వాడుకునే ఏర్పాటు. అందులో మొదటి రిక్వెస్ట్, ల్యాబ్ సర్వర్ బతికే ఉందా అని చూసేది, ఫాల్స్‌తో వెళ్తోంది. రెండోది, రిపోర్టులు తెచ్చేది, దాంట్లో మీరు ఫాల్స్ తీసేశారు. రిక్వెస్ట్స్ లైబ్రరీ పాత వెర్షన్లలో ఒక లోపం ఉండేది: సెషన్‌లో ఒక సర్వర్‌కి మొదటి రిక్వెస్ట్ తనిఖీ లేకుండా వెళ్తే, తర్వాతివి తనిఖీ కావాలని అడిగినా అదే తెరిచిన కనెక్షన్ మీద తనిఖీ లేకుండానే పోయేవి. 2024 మేలో 2.32.0 వెర్షన్‌తో సరిచేశారు. మీ కోడు 2.28 మీద ఉందన్నారు కాబట్టి మీకు జరిగింది ఇదే. మీరు ఎర్రర్ రాలేదని ఊపిరి పీల్చుకుని మిగతా పదీ అలాగే వదిలేసి ఉంటే, తనిఖీ ఉందనుకుంటూ లేకుండా నడుపుతుండేవారు. లైబ్రరీని కొత్త వెర్షన్‌కి మార్చడం మీ పనిలో మొదటి మెట్టుగా పెట్టుకోండి.

దీనివల్ల ఇంకో అలవాటు చేసుకోవాలి. కోడు పనిచేస్తోందని చూడటం ఒక ఎత్తు, ఆగాల్సినచోట ఆగుతోందని చూడటం ఇంకో ఎత్తు. బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ అని ఒక సైటు ఉంది. కావాలనే గడువు దాటిన సర్టిఫికెట్, పేరు కలవని సర్టిఫికెట్, సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ ఒక్కో అడ్రస్‌లో పెట్టి ఉంచారు. మీ కోడుని వాటి మీదికి వదలండి. ప్రతిదాని దగ్గరా ఎర్రర్ ఇచ్చి ఆగితేనే తనిఖీ నడుస్తున్నట్టు. ఇది ఆటోమేటిక్ టెస్టుల్లో పెట్టేస్తే, రేపు ఎవరు ఫాల్స్ పెట్టినా బిల్డ్ దగ్గరే పట్టుబడుతుంది.

ఇన్నాళ్లలో ఎవరైనా చూశారా అన్నారు. దీన్ని వాడుకోవాలంటే దొంగ మీ సర్వర్‌కీ ల్యాబ్‌కీ మధ్య దారిలో ఉండాలి, లేదా ల్యాబ్ పేరుకి తన అడ్రస్ వచ్చేలా డీఎన్‌ఎస్ (సైటు పేరుకి అడ్రస్ చెప్పే వ్యవస్థ) మార్చాలి. డేటా సెంటర్ నుంచి వెళ్లే రిక్వెస్టులకు అది తేలిక కాదు. మీ వాళ్లు ఆసుపత్రి వైఫైలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో అదే కోడు నడుపుతుంటారని రాశారు చూడండి, నాకు అనుమానం అక్కడ ఎక్కువ. జరిగిందో లేదో లాగ్స్ చూసి చెప్పడం కష్టం, ఎందుకంటే అనుమానం రావాల్సిన చోటే మనం నోరు మూయించాం. కాబట్టి ఏపీఐ కీలు పోయినట్టే అనుకుని మార్పించండి. ఎప్పుడు మార్చాలన్నది ముఖ్యం. ముందు తనిఖీ సరిచేసి, ఆ తర్వాతే కొత్త కీ తీసుకోవాలి. అటుదిటైతే కొత్త కీ కూడా పాతదారిలోనే పోతుంది.

2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సర్టిఫికెట్ సంస్థ హ్యాకయింది. గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించి ఇరాన్‌లో జనం మెయిళ్ల మీద వాడారు. అది బయటపడింది ఎలాగంటే, ఇరాన్‌లో ఒక మామూలు యూజర్‌కి క్రోమ్‌లో వార్నింగ్ వస్తే, ఆయన దాన్ని మూసేయకుండా ఇదేమిటని పబ్లిక్‌గా అడిగారు. కొద్ది వారాల్లో ఆ సంస్థే దివాళా తీసింది. వార్నింగులు ఆపేసే ఆ లైను మీ కోడులో చూసినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు. 11 ఫాల్స్‌ల కంటే ముందు ఆ ఒక్క లైను తీసేయండి. దానివల్ల ఏదీ ఆగిపోదు, లాగ్స్‌లో వార్నింగులు కనిపించడం మొదలవుతుంది అంతే.

ఇప్పుడు మనుషుల సంగతి. మీ ముందు కొన్ని దారులున్నాయి.

ఎవరికీ చెప్పకుండా ఒక రాత్రి 11 చోట్లా తీసేయొచ్చు. మీ మనసు అటే లాగుతోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. విజయవాడ ఫీడ్ ఆ నిమిషమే ఆగిపోతుంది, తెల్లవారుజామున ఐసీయూ రిపోర్టులు రావు, గిట్‌లో మీ పేరే ఉంటుంది. చేసింది సరైన పనే అయినా తప్పుగానే మిగులుతుంది. దయచేసి ఇది చేయకండి.

ఆడిట్ దాకా ఊరుకోవచ్చు. పైథాన్ కోడు చూసే ఆడిటర్లు చాలామంది బాండిట్ అనే టూల్ నడుపుతారు. బీ501 అన్న నంబరుతో అది పట్టేది సరిగ్గా దీన్నే. నిమిషాల్లో 11 లైన్లూ వరసగా వస్తాయి. అప్పుడు ‘మీకు ముందే తెలుసా’ అని అడుగుతారు. దానికి మీ దగ్గర కాగితం మీద ఏమీ ఉండదు.

లీడ్‌ని దాటి పైకి మెయిల్ పెట్టొచ్చు. మీ హక్కే, కానీ మొదటే అది చేస్తే రోజూ పక్కన కూర్చునే మనిషితో చెడుతుంది, ఆయన తనను కాపాడుకోవడం మీద పడతారు, కోడు అలాగే ఉంటుంది. రెండుసార్లు రాతపూర్వకంగా చెప్పినా కదలకపోతే అప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా ఆయన్ని సీసీలో పెట్టే రాయండి.

నేనైతే లీడ్ దగ్గరికే మళ్లీ వెళ్తాను, ఈసారి చేతిలో పని పెట్టుకుని. మొన్న మీరు సమస్యతో వెళ్లారు, ఆయనకు అది ఇంకో తలనొప్పిలా వినిపించింది. ఎస్-క్లయింట్ స్క్రీన్‌షాట్, విజయవాడకు చేసిన ఆ కలిపిన సర్టిఫికెట్ల ఫైలు, స్టేజింగ్‌లో (అసలు సర్వర్‌లోకి పోకముందు పరీక్షించే చోట) ఒక్క ల్యాబ్ మీద రెండు రోజులు నడిచిన లాగ్, ఏదైనా ఆగితే వెనక్కి తిప్పే పద్ధతి తీసుకెళ్లండి. “అన్నా, 11 కాదు, మూడే సమస్యలు. ఒక్కో ల్యాబ్ చొప్పున మారుస్తాను, పగటిపూట, మీరు ఉన్నప్పుడే. ఆడిటర్లు అడిగేలోపు అయిపోతుంది” అనండి. ‘మీరే పెట్టమన్నారు కదా’ అన్న మాట నోట్లోంచి రానివ్వకండి. ఆయనకు అది గుర్తుంది. కూర్చుని మాట్లాడాక అదే విషయం టికెట్‌గా పెట్టి, తేదీ పడేలా చూసుకోండి. ఆయన వద్దన్నా టికెట్ ఉంటుంది, అదే మీకు రక్ష.

అప్పటికీ ‘తర్వాత చూద్దాం’ అంటే చట్టం గురించి ఒక్కమాట అనొచ్చు, బెదిరింపులా కాకుండా. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత ఏర్పాట్లు లేక డేటా బయటికి పోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. అది సంస్థ మీద పడేది, జీతానికి పనిచేసే మీ మీద కాదు. నాన్నగారితో కూడా ఆ మాట చెప్పండి.

రేపు పొద్దున్న చేయాల్సిన పని మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేనిది. ఎస్-క్లయింట్ నడిపి, చెయిన్‌లో 0 ఒక్కటే వస్తోందని తేలితే, లీడ్‌కి చెప్పి విజయవాడ ల్యాబ్ వాళ్లకు మెయిల్ రాయించండి. సబ్జెక్ట్‌లోనే ‘మీ సర్వర్ ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ పంపడం లేదు, ఫుల్ చెయిన్ పెట్టగలరు’ అని ఉండాలి, కింద స్క్రీన్‌షాట్ పెట్టాలి. వాళ్లది ఎన్‌జిన్‌ఎక్స్ (nginx) అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయితే కాన్ఫిగ్‌లో ఒక ఫైలు పేరు మార్చి రీలోడ్ కొట్టడమే. వాళ్లు మార్చారని కబురు రాగానే ఎస్-క్లయింట్ మళ్లీ నడపండి. 0 కింద 1 కనిపించాలి, చివర్లో వెరిఫై రిటర్న్ కోడ్ 0 అని రావాలి. వచ్చాక ఆ ల్యాబ్ దగ్గర మీరు రాసిన ‘టెంపరరీ’ కామెంట్‌నీ దాని కింద లైన్నీ ఒకే కమిట్‌లో తీసేయండి.